కొత్త రోడ్డు మీద అత్తయ్య మిరపకాయలు

పాతికేళ్ల తర్వాత మా పట్టణంలో పడే వాననీళ్లు ఎటు పోవాలో మా ఆయన త్రినాథ్ ఇప్పుడే చెప్పగలడు. సాయంత్రం వస్తూ కొత్తిమీర తేవాలని మాత్రం గుర్తుండదు. మునిసిపాలిటీలో ఇంజినీరు మరి. పెళ్లయిన కొత్త కదా, నాకు అదీ ముద్దుగానే ఉంది.

మునిసిపాలిటీకి అప్పిచ్చే బ్యాంకు వాళ్లు సోమవారం వస్తున్నారు. మా వీధిలో వేసిన రోడ్డూ, పక్కన కాలువా చూసి నచ్చితేనే పల్లంలో ఉన్న కాలనీకి రెండో విడత డబ్బులు. లేదంటే ఆ కాలనీ వాళ్లు ఈ ఏడూ వానాకాలమంతా మంచాలెక్కి కూర్చోవాల్సిందే. పెళ్లయ్యాక మొదటిసారి సముద్రం చూద్దామనుకున్న మా వాడరేవు ప్రయాణం కూడా అటకెక్కినట్టే.

మార్చి నెల. కొత్త రోడ్డు కనిపిస్తే మావాళ్లు ఊరుకుంటారా, ఈ చివర నుంచి ఆ చివరికి మిరపకాయలు ఆరబోశారు. త్రినాథ్ ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. అందరూ ఎత్తేశారు, మా అత్తయ్య తప్ప.

"అమ్మా, రోడ్డేసింది బండ్లు పోవడానికే."

"పోనీరా. నా కాయలు తప్పించుకుని పోనీ."

"పెద్ద ఆఫీసర్లొస్తున్నారమ్మా."

"వాళ్లు కారం తినరా ఏంటి? నీ పెళ్లాం చేత చెప్పించు, తీసేస్తా."

ఆ పెళ్లాం అప్పటికే కాయలు తిరగేస్తూ కూర్చుంది. ఎండకు గలగలమనే కాయలంటే నాకు భలే ఇష్టం. మొగుడి వైపు చూడలేదు.

ఆదివారం రాత్రి వాన దంచికొట్టింది. అత్తయ్యా నేనూ పరుగెత్తి కాయల మీద టార్పాలిన్ పట్ట కప్పాం. తెల్లారేసరికి పల్లపు కాలనీ చెరువైంది.

కారు దిగిన ఆఫీసరుగారు గట్టిగా తుమ్మి, "ఇవేంటండీ?" అన్నారు. మా ఆయన వెళ్లి కాయలకి అడ్డంగా నిలబడ్డాడు.

అత్తయ్య పట్ట ఎత్తి, అడుగు నుంచి ఒక కాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. "విరవండి."

టప్‌మని విరిగింది.

"నిరుడు ఇక్కడే ఒక్క వానకి నీళ్లు నిలబడి, కాయంతా తెల్లబడి తాలైపోయింది బాబూ. రాత్రి ఇంత వానా కాలువలోకి జారిపోయింది. మావాడే కట్టించాడు లెండి."

ఆయన మళ్లీ తుమ్మారు, ఈసారి నవ్వుతూ. కాలనీలో నీళ్లు కూడా చూసొచ్చి, రెండో విడత ఇమ్మని రాస్తానన్నారు. అయితే రోడ్డు మీద కాయలు కుదరవు, ఆరబోసుకోవడానికి విడిగా కళ్లం కట్టాలట.

"సిమెంటుదే కదా? వాలు సరిగ్గా పెట్టరా," అంది అత్తయ్య కొడుకుతో.

తర్వాతి ఆదివారమే వాడరేవు వెళ్లాం. ఇసుకలో మా పేర్లు రాయమన్నాను. త్రినాథ్ వేలితో గీస్తూ కూర్చున్నాడు. తొంగిచూస్తే, కళ్లం.