అమ్మ గడప దాటే దరువు

గిరి పంపిన దరువులు ఫోన్‌లో తెరుచుకోలేదు. ఒక్కోదానికి చిన్న కాగితం బొమ్మ, పక్కన ఇంగ్లీషు పేరు, అంతే.

"అవి మిడి ఫైళ్లు బావా, వాటిలో దెబ్బల లెక్కే ఉంటాది, గొంతు యాప్ ఇస్తాది. వేరే యాప్ కావాల. ట్యాబులో ఎక్కించుకోండి. మారెమ్మ జాతర కచేరీకి ఏవి బాగుంటాయో మీరే విని చెప్పండి" అన్నాడు ఫోన్‌లో. గిరి, ఓబుళేసు భార్య ఈశ్వరికి తమ్ముడు. కళ్యాణదుర్గంలో కీబోర్డు వాయిస్తాడు, పెళ్లిళ్లకు డీజే నడుపుతాడు.

ఓబుళేసుకు ఆ మాట సంతోషమే కలిగించింది. తాతల నాటి నుంచి మారెమ్మ ముందు ఉరుము అనే డోలు వాయించే ఇల్లు తనది. కచేరీకి కూడా తనను అడిగారంటే మర్యాదే కదా.

కూతురు హాస్టల్లో ఉంది. ఆ పిల్లకు బడిలో ఇచ్చిన ట్యాబు బీరువా మీద ఉంటే దించారు. పదో తరగతి చదివిన ఈశ్వరి, వేరుశనక్కాయల చేట పక్కకు నెట్టి దాన్ని ఒళ్లో పెట్టుకుంది. మొదటి యాప్‌లో ప్రతి దరువూ పియానోలా టింగుటింగుమంది.

"ఇదేందిమే, కోడి గింజలు పొడిచినట్ల ఉండాది" అన్నాడు ఓబుళేసు.

రెండో యాప్ నెలనెలా దుడ్లు అడిగింది. దానికి దండం పెట్టారు. మూడోదానిలో పేర్లన్నీ వరుసగా వచ్చాయి. పేరు మీద వేలు పెడితే డ్రమ్ములు మోగాయి. ఎవరి దరువైనా అవే సినిమా డ్రమ్ముల గొంతుతో.

"ఇది కోలాటానికి బాగుంటాది. ఇది వద్దు, పెండ్లికొడుకు గుర్రం మీదనుంచి పడినట్ల ఉండాది."

ఈశ్వరి నవ్వుతూ ఒక్కోటీ నొక్కుతోంది. ఉన్నట్టుండి ఆమె వేలు ఒక పేరును దాటి కిందిదాని మీదికి పోయింది.

"నడిమిది వదిలేస్తివే?"

"అది బాగలేదులే."

"ఇనకుండానేనా?"

ఆమె ఇంకో పేరు నొక్కబోయింది. ఓబుళేసే వేలు పెట్టాడు.

మూడు దెబ్బలు, రెండు, మళ్లీ మూడు. తర్వాత ఏమీ లేదు. ట్యాబు చెడిపోయిందేమో అనిపించేంతసేపు ఏమీ లేదు. ఆపైన ఒకే ఒక్క దెబ్బ, వణికే చెయ్యి వేసిన దెబ్బ.

గొంతు డ్రమ్ములదే. చెయ్యి తనది.

ఏడాదికి ఒక్కసారి, అమ్మ దిగిన కుంభం ఎత్తుకున్న మనిషి గుడి గడప దాటేటప్పుడు మాత్రమే వాయించే దరువు అది. నడుమ ఉరుము ఆగుతుంది. అమ్మ అడుగు బయట పెట్టేదాకా ఊరంతా ఊపిరి బిగపడుతుంది. అది ఎంతసేపో అమ్మకే తెలియాలి; అడుగు పడ్డాకే చివరి దెబ్బ. నాయన అంజినప్ప బతికినన్నాళ్లూ దాన్ని ఇంట్లో వాయించనివ్వలేదు. తన చేతికి వణుకు మొదలైంది, నేర్చుకునేవాళ్లు లేరు అని ఓబుళేసు దిగులు పడుతుంటే, గిరే ముందుకొచ్చాడు. "పోకుండా దాచిపెడతా బావా. నేను తప్ప ఎవురూ వినరు" అని గుడిలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి, తన డ్రమ్ము ప్యాడ్ల మీద కొట్టించుకుని పోయాడు.

"పేరేం పెట్టినాడు?"

"డీజే స్టెప్పు త్రీ" అంది ఈశ్వరి తల వంచుకుని.

"నీకు ముందే తెలుసు."

"మడకశిర పెండ్లిలో ఇన్నా. పిల్లోళ్లు ఎగురుతాండ్రి. నీకు చెప్తే నా తమ్ముని మొగం చూడవని..."

ఏటా ఆ కుంభం ఎత్తేది ఈశ్వరే. ఆ మౌనంలో గడప దాటేది ఆమె కాలే.

అతను గిరికి ఫోన్ చేశాడు.

"అయ్యో, అదీ వచ్చిందా? ఫోల్డరంతా పంపేసినట్లుండా" అన్నాడు గిరి. "తప్పేముంది బావా? నడిమి ఆగేది తీసేద్దామనుకుంటి, పిల్లోళ్లకు అదే నచ్చె. అమ్మ నీ ఒక్కనిదా ఏమి?"

ఓబుళేసు తడబడ్డాడు. అమ్మ తన ఒక్కడిది కాదు, నిజమే. "కర్పూరం ఆర్పింది నువ్వే కదరా?"

"దాని వాసన కూడా పోయింటాది బావా" అని నవ్వాడు గిరి.

జాతర నాటికి ఆలుమగల మధ్య మాటల్లేవు. ఈశ్వరి మొహానికి పసుపుతో, నెత్తిన కుంభంతో గడప లోపల నిలబడింది. ఓబుళేసు మనసులో నాయనను తలచుకుని ఉరుము మీద కర్ర వేశాడు. మూడు, రెండు, మూడు. ఆగాడు.

వెనక ఎవరో ఈల వేశారు. ఇంకొకరు. ఆపైన పదిమంది కుర్రాళ్లు, పెళ్లిళ్లలో ఈ దరువుకు అలవాటైన చోట, ఒక్క గొంతుతో "హోయ్" అని అరిచారు. ఆ అరుపుకు ఉలిక్కిపడి ఈశ్వరి కాలు గడప అవతల పడింది.

కర్ర ఇంకా గాలిలోనే ఉంది.

"మామ తప్పినాడ్రా! లేటు!" అని ఒకడన్నాడు. అందరూ నవ్వారు.

ఈశ్వరి కళ్లెత్తి చూసింది. ఓబుళేసు ఆమెను చూడలేదు, నెత్తిమీది కుంభాన్ని చూశాడు. అమ్మా, దాటింది నువ్వేనా? లోపలే ఆగిపోయినావా?

వెనక మళ్లీ ఈలలు మొదలయ్యాయి. అతను కర్ర దించాడు. ఉరుము మోగింది.