గులాబీ మందు, గుడ్డు కాఫీ

వెర్నర్‌కి తెలియని పనంటూ లేదు. కాకపోతే తెలిసినవాటిలో ఏటా ఒకటి మరిచిపోతాడు. అమెరికాలో మిన్నెసోటా చలికి మోటర్‌హోమ్‌ను, అంటే చక్రాల మీది ఇంటిని, వదిలే ముందు గొట్టాల్లో చుక్క నీరు మిగల్చకూడదని, మిగిలితే గడ్డకట్టి పగలగొడుతుందని అక్కడ పిల్లలకి కూడా తెలుసు. ముందటేడు అతను గీజరు ఖాళీ చేయడం మరిచాడు, అది పగిలింది. నిరుడు బండి వెనకున్న షవరు మరిచాడు, అది గోడతో సహా పగిలింది. అప్పుడు అతని భార్య ఆర్లిస్ గొంతు పెంచకుండానే తీర్పు చెప్పింది. ఈసారి ఏ గొట్టం పగిలినా సరే, బండిని పక్కింటి ఓర్విల్‌కి అమ్మేయడమే.

వెర్నర్ పౌరుషానికి పోయి సరేనన్నాడు. అన్నాక గాని ఏం పణంగా పెట్టాడో తెలిసిరాలేదు. వేసవంతా ఆ బండిలో సరస్సుల వెంట తిరుగుతూ, చేపలు పడుతూ, గడ్డం గీసుకోకుండా బతకడం తప్ప అతనికి వేరే స్వర్గం తెలియదు.

అక్టోబరులో సరస్సు అంచున పలచగా మంచు పేరుకోగానే పనిలోకి దిగాడు. ఓర్విల్ మడత కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. సాయానికి కాదు, సాక్ష్యానికి. వెర్నర్ ట్యాంకులు, గీజరు ఖాళీ చేశాడు, మందు వెళ్లకుండా గీజరు దారి మూశాడు, గడ్డకట్టని గులాబీ మందును పంపుతో గొట్టాల్లోకి ఎక్కించాడు. ప్రతి కుళాయీ తిప్పి గులాబీ రంగు కారేదాకా చూశాడు. సింకుల కింది వంపు గొట్టాల్లోనూ ఒక్కో కప్పు మందు పోశాడు.

“బయటి షవరు సంగతేంటి?” అన్నాడు ఓర్విల్, తీయగా.

“మొదట చేసింది అదే.”

ఓర్విల్ మొహం మాడిపోయింది. ఇక వెళ్తానని లేచాడు కానీ, ఆ ఊళ్లో కాఫీ తాగకుండా గడప దాటిన మనిషి లేడు. ఆర్లిస్ ఒక చేత్తో కాఫీ కెటిలు, ఇంకో చేత్తో వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ఆమెది చర్చి ఆడవాళ్ల కాఫీ. మడ్డి అడుక్కి దిగాలని పొడిలో గుడ్డు పెంకుతో సహా నలిపి మరిగిస్తుంది. బయట ఈదురుగాలిగా ఉందని ముగ్గురూ బండిలోనే తాగారు. పర్లేదన్నాడు ఓర్విల్. అక్కడ అంతకు మించిన పొగడ్త లేదు. ఎంగిలి కప్పులు వదిలిపెట్టి తాళం వేయడం ఆర్లిస్ వంశంలోనే లేదు. మగవాళ్లు కుర్చీ మడిచేలోగా ఆమె అన్నీ సర్దేసి వచ్చింది.

ఆ చలికాలం ఎంత దారుణంగా ఉందంటే, చీదితే ముక్కు ఊడొస్తుందేమో అన్నట్టుంది. ఓర్విల్ మాత్రం హాయిగా, ఆ బండి పడుతుందా అని తన షెడ్డు కొలతలు తీసుకుంటూ గడిపాడు.

ఏప్రిల్లో వెర్నర్ బండిలో నీళ్లు నింపాడు. షవరు బాగుంది, గీజరు బాగుంది. వంటింటి సింకు కింద మాత్రం మడుగు కట్టింది. వెల్లకిలా పడుకుని తల లోపల పెట్టాడు. వంపు గొట్టం నిలువునా చీలి ఉంది. గులాబీ మందు పోసిన గొట్టం ఎలా పగులుతుందో అర్థం కాలేదు. బండి పోయినట్టేనని ఏడుపొచ్చినంత పనైంది.

“పగిలిందా ఏంటయ్యా?” తలుపు దగ్గర మళ్లీ మడత కుర్చీ వేసుకున్న ఓర్విల్ గొంతు పండగలా ఉంది. పక్కనే చేతులు కట్టుకుని ఆర్లిస్.

వెర్నర్ గొట్టం విప్పాడు. అరచేతిలో కాఫీ మడ్డి పడింది. అందులో తెల్లగా గుడ్డు పెంకు.

ఆ రోజు ఆర్లిస్ ఈ సింకులో కప్పులు కడిగిన నీళ్లు మందునంతా తోసేసి వంపులో గడ్డకట్టాయన్నమాట. తప్పు ఆమెదని రుజువు చేసే రోజు కోసం వెర్నర్ పెళ్లయినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాడు. తీరా అది చేతిలోకొచ్చాక, ఓర్విల్ ముందు ఆమెను దోషిని చేయబుద్ధి కాలేదు. పైకి లేచి ఆ పెంకును ఆర్లిస్ చేతిలో పెట్టాడు, అంతే.

ఆమె దాన్ని వేలితో తిప్పి చూసి ఓర్విల్ వైపు తిరిగింది.

“ఓర్విల్, బండి అమ్మట్లేదు.”

“అదేంటి, పగిలిందిగా?”

“పగిలింది. పగలగొట్టింది నేను.”

ఓర్విల్ కుర్చీ మడిచాడు. అయినా కాఫీ తప్పలేదు. ఈసారి ఇంట్లోనే పెట్టింది ఆర్లిస్. కప్పులు మాత్రం వెర్నర్ కడిగాడు, ఈల వేసుకుంటూ.