గ్లాసు బోర్లించాక

నిన్నటి నుంచీ అంతే. ఆమె కడిగిన గ్లాసు గట్టు మీద బోర్లించి ఠక్కుమనిపిస్తే చాలు, వెనకే టైలరు వదిన గొంతు. వదిన చనిపోయి అప్పుడే ఓ వానాకాలం దాటింది.

ఆడవాళ్ళ బతుకుల మీద పరిశోధన అంటూ వచ్చిన మేడమ్‌కి ఈ వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఇదే వీధిలో ఉండే ఆమెని వెంటబెట్టుకున్నాకే తెరుచుకున్నాయి. "ఇద్దరం సమానం. ఇది మీ పరిశోధన కూడా" అనేది మేడమ్. ఆమె మొగుడు నవ్వేవాడు: "ఆవిడ కారెక్కి పోతుంది, నువ్వొచ్చి అంట్లు తోముతావు. భలే సమానం!" అత్తగారిది ఇంకో పాట: "మన ఇంటి ఏడుపు చాలనట్టు ఊరి ఏడుపొకటి."

వీధి ఆడవాళ్ళు మొదట్లోనే ఒక కట్టుబాటు పెట్టారు. మాట్లాడే మనిషి ముందు మంచినీళ్ళ గ్లాసు ఉంటుంది. దాన్ని బోర్లిస్తే రికార్డింగు ఆపెయ్యాలి. మేడమ్ సరేనంది. తను మాట్లాడిన రోజు వదిన బోర్లించింది. తరవాతే ఆమె చెయ్యి పట్టుకుని అసలు మాట చెప్పింది.

నిన్న ఆఫీసులో, ఇవాళ్టి సభలో వినిపించబోయే రికార్డింగు ముక్క మేడమ్ ముందుగా వినిపించింది. ఠక్. వదిన గొంతు ఆగలేదు. "చంటిది కడుపున పడకపోతే ఈ కొంపలోంచి ఎప్పుడో పోయేదాన్ని. దాని మొహం చూస్తే తలుపు మూసుకుపోయినట్టుంటుంది, వదినా."

"ఆపలేదా మేడమ్?"

"ఆపబుద్ధి కాలేదు. ప్రాణమంతా అక్కడే ఉంది. పేరు చెప్పం కదా."

"గొంతే చెబుతుంది కదండీ. వదిన కూతురు చంటిది కూడా సభకి వస్తోంది."

"ఆవిడ లేరు. భాగస్వామి మీరు. మీరు ఊఁ అంటే చాలు."

పొద్దున మొగుడికి చెబితే, "అనెయ్, పోయినావిడ వచ్చి అడుగుతుందా?" అన్నాడు. అడుగుతూనే ఉందని ఆమె చెప్పలేదు. ఇంకో గ్లాసు కడిగింది.

సభలో ఆమెకీ కుర్చీ వేశారు, చిట్టచివర. ముందు వరసలో చంటిది. అమ్మ గొంతు వింటానని జడలు బిగించి వేయించుకొచ్చింది. ఆమె ఇంకా ఊఁ అనకుండానే, "మా సమాన భాగస్వామి సమ్మతితో..." అంటూ మేడమ్ మీట మీద వేలు పెట్టింది.

ఆమె తన ముందున్న నీళ్ళు ఒక్క గుక్కలో తాగింది. మైకు పక్కనే గ్లాసు బోర్లించింది. హాలంతా ఠక్కుమంది. వీధి ఆడవాళ్ళ తలలన్నీ ఒక్కసారే మేడమ్ వైపు తిరిగాయి. వేలు ఆగిపోయింది.

"అమ్మ మాట్లాడదా, అత్తా?" అంది చంటిది.

"మాట్లాడుతుందమ్మా." ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. "గ్లాసు చప్పుడు దాకా వినిపించండి, మేడమ్. ఆ తరవాతది వదిన నాతో చెప్పుకుంది."