శుక్రవారం కుర్చీ

భోజన్న పని బట్టలు పిండి కిటికీ ఊచలకు ఆరేశాడు. సిమెంటులో నాని నాని అతని వేళ్ల చివర్లు గరుకుగా, తెల్లగా తేలిపోయాయి. పొట్టి మనిషి. ఎడమ భుజం కొంచెం వంగి ఉంటుంది, దాని మీద గళ్ల తువ్వాల. నిజామాబాద్ వైపు పల్లె నుంచి సౌదీలోని ఖతీఫ్ వచ్చిన నాటి నుంచి టైల్స్ పరుస్తూనే ఉన్నాడు. ఎవరింట్లోనో నేల నున్నగా ఉందంటే ఇలాంటి వాడి మోకాళ్లు అరిగాయన్నమాట. ఎవడికి పట్టింది!

సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం కూలీల క్యాంపులో ఒకటే పండగ, హిందీ సీరియల్. ఒక పెద్దింటి కుటుంబం, తుపాకులు, ఎన్నికలు, మంత్రి కుర్చీ. గదిలో అందరూ ఒకే ఊరి చుట్టుపక్కల వాళ్లు. వాళ్లకు ఆ యాస హిందీ సగం ఎక్కదు. ఉత్తరాది మేస్త్రీలతో పని చేసిన భోజన్నే పక్కన కూర్చుని తెలుగులో చెబుతాడు. తెర మీద ఎవడైనా తిడితే, భోజన్న ఇంకో రెండు కలిపి తిడతాడు.

టీవీ ముందు ఒక్కటే కుర్చీ. అది సూపర్‌వైజర్ ప్రసాద్‌ది. భోజన్న ఊళ్లో తాతల నాటి నుంచి పెత్తనం చేస్తున్న ఇంటి కొడుకు. వీళ్లకు వీసాలు ఇప్పించిందీ అతనే. అతను గదిలోకి రాగానే అందరూ మంచాల మీంచి నేల మీదికి జారుతారు. భుజాల మీది తువ్వాలలు చంకల్లోకి దిగుతాయి. ఎవరూ చెప్పింది లేదు. ఊళ్లోని పాత అలవాటు విమానమెక్కి మరీ వెంట వచ్చింది. సిగ్గుచేటు!

ఈసారి ఊళ్లో సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. ప్రసాద్ పిన్ని నిలబడింది. ఎదురు నామినేషన్ వేసింది ఒక్కతే. ఆమె భోజన్న భార్య జయ, బీడీలు చుట్టే మనిషి. వెనక్కి తీసుకోవడానికి రేపే ఆఖరు.

ప్రసాద్ వచ్చి కూర్చున్నాడు. టీవీలో పెద్దాయన తనకు ఎదురు నిలిచినవాణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. ప్రసాద్ సౌండ్ తీసేశాడు.

"సూస్తున్నవా భోజిగా? పెద్దింటికి ఎదురువోతే గిట్లనే అయితది. నీ పెండ్లానికి ఫోన్ కొట్టు, అందరు ఇనాలె. నామినేషన్ వాపస్ తీసుకొమ్మను. లేకుంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి తోలుత."

పక్క మంచం సాయికుమార్ తల దించుకునే అన్నాడు. "చెయ్యన్నా. బిడ్డ సదువు సూస్కో."

భోజన్నకు భయమేసింది. అబద్ధమెందుకు! ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"జయా, ఈడ ప్రసాద్ సార్ ఉన్నడు. నిన్ను వాపస్ తీసుకొమ్మంటుండు."

అవతల ఆకు కత్తిరిస్తున్న చప్పుడు ఆగింది.

"మరి నువ్వేమంటవయ్యా?"

భోజన్న టీవీ వైపు చూశాడు. ఆ మనిషి ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. చూస్తుంటే ఒళ్లు మండింది. చంకలోని తువ్వాల తీసి, దులిపి, భుజం మీద వేసుకున్నాడు.

"నన్నడుగుతవేందే? నిలవడ్డది నువ్వు! నా కొలువు కోసం రంది పడకు. సారే నన్ను ఇంటికి తోలుతడట. ఇద్దరం కల్సి ఇల్లిల్లు తిరుగుదాం."

జయ పకపకా నవ్వింది. గదిలోనూ ఎవరో ఆపుకోలేక నవ్వారు. ప్రసాద్ మొహం మాడిపోయింది. లేచి, కుర్చీని ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయాడు.

భోజన్న కుర్చీని లేపి నిలబెట్టాడు. ఊళ్లో బస్సు సీటు మీద తువ్వాల వేస్తే ఆ సీటు వేసినవాడిదే, ఎంతటివాడైనా తీయడు. భోజన్న అలాగే తువ్వాల పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"సౌండ్ వెట్టు సాయీ. కథ నడుమల ఆపిండు."

ప్రసాద్ అన్నంత పనీ చేశాడు. మంగళవారం పొద్దున వ్యాన్ వచ్చింది. భోజన్న పెట్టె పట్టుకుని ఎక్కాడు.

"అన్నా, తువ్వాల మర్సిపోయినవ్!" సాయికుమార్ కేకేశాడు.

"మర్సిపోలే," అన్నాడు భోజన్న.

మళ్లీ శుక్రవారం వచ్చింది. సీరియల్ పెట్టారు. తెలుగులో చెప్పేవాడు లేక ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటున్నారు. ప్రసాద్ గుమ్మంలోకి వచ్చాడు. మంచాల మీంచి ఎవరూ దిగలేదు. అతను కుర్చీ వైపు చూసి, వచ్చిన దారినే పోయాడు. కుర్చీ మీద గళ్ల తువ్వాల పరిచింది పరిచినట్టే ఉంది.