వరసలో పన్నెండో మనిషి

పన్నెండుమంది, చేతులు చాస్తే వేళ్ళకి వేళ్ళు తగిలేంత ఎడంలో, తలలు వంచుకుని కాల్డ్‌బీ విమానాల మైదానంలో రన్‌వే మీద నడుస్తున్నారు. చివరివాడు ట్రెవర్ పాస్క్. అరవై ఆరేళ్ళ పొడుగు మనిషి. పసుప్పచ్చ కోటు, మెడలో చప్పుడు ఆపే చెవిడొప్పలు, నడుముకి గుడ్డసంచీ. ముప్పై ఏళ్ళుగా నేల చూస్తూ నడవడమే ఉద్యోగం కావడంవల్ల పెళ్ళివిందుల్లో కూడా నేలే చూస్తాడని భార్య ఐరిస్ దెప్పుతూ ఉంటుంది.

రాయి, మేకు, మిఠాయి కాగితం, ఏది కనపడినా వంగి ఏరి సంచీలో వేసుకోవాలి. విమానం ఇంజను పీల్చడం మొదలుపెడితే ముందున్నదేదీ వదలదు. శనగగింజంత రాయి లోపలికి పోయినా చాలు, తిరిగే రెక్కలు తునాతునకలవుతాయి.

"ఏం ముసలోడా, బంగారం దొరుకుతుందా అలా కళ్ళు పొడుచుకుంటున్నావ్?" అన్నాడు పక్కన నడుస్తున్న మాల్కం.

"నీ పళ్ళు రాలాయేమోనని చూస్తున్నా."

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి కొత్త యుద్ధవిమానం మొట్టమొదటిసారి జనం ముందు ఎగరబోతోంది. రాడార్ కంట పడకుండా తయారుచేసిన ఆ విమానాన్ని కళ్ళారా చూడ్డానికి అరవై వేలమంది టికెట్లు కొనుక్కుని, మడతకుర్చీలూ గొడుగులూ మోసుకుంటూ వచ్చారు. దాన్ని నడిపే కుర్రాడు పొద్దున్నే వచ్చి ఈ పన్నెండుమందితోనూ పేరుపేరునా చేతులు కలిపాడు. ముఖమంతా గోధుమరంగు మచ్చలు. ట్రెవర్‌తో ఏదో అన్నాడు. ట్రెవర్‌కి అర్థం కాలేదు, కానీ మాల్కం నవ్వుతున్నాడు కాబట్టి తనూ నవ్వాడు.

వరసలోకి దిగేముందు జేబులన్నీ ఒక పళ్ళెంలోకి దులపాలి. ఒంటిమీద ఇంకా మిగిలినవేవో కాగితంమీద రాసి సంతకం పెట్టాలి. బయటికొచ్చాక అవన్నీ ఉన్నాయని మళ్ళీ గీత పెట్టాలి. మాల్కం ప్రతిసారీ 'కట్టుడు పళ్ళు, పైవరస' అని పెద్ద అక్షరాలతో గర్వంగా రాస్తాడు. ట్రెవర్ 'కళ్ళజోడు ఒకటి' అని రాశాడు. ఎడమచెవిలో ఉన్న చిక్కుడుగింజంత వినికిడి మిషన్ సంగతి రాయలేదు. నాలుగు నెలలుగా రాయడం లేదు.

కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమది ఈ ఏప్రిల్‌లో మొండికేసింది. ట్రెవర్‌లా రన్‌వే ఊడ్చే బండి తోలేవాడికి టవర్‌లోంచి రేడియోలో వచ్చే మాట వినపడాలి, లేకపోతే బండి తోలనివ్వరు. చెవి పరీక్షలో నర్సు మీట నొక్కినప్పుడల్లా ఆమె భుజం కదలడం కనిపెట్టి తలూపి బయటపడ్డాడు. "చెప్పెయ్యవయ్యా, ఉరేస్తారా ఏంటి?" అంది ఐరిస్. ఉరెయ్యరు. ఇంటికి పంపిస్తారు.

నడక పూర్తయ్యింది. సంతకాలయ్యాయి. ట్రెవర్ బండిని రన్‌వే అంచున ఆపుకుని, జున్ను పెట్టిన రొట్టెముక్క విప్పుకున్నాడు. పొద్దుట గడ్డికి పైన ఆకాశంలో ఒక భరతపిట్ట ఎగురుతూ ఆపకుండా పాడింది. రెండు ముక్కలు కొరికాక, అది ఎప్పుడో పాడటం మానేసినట్టు తోచింది. తలెత్తి చూశాడు. పిట్ట ఆకాశంలో అక్కడే ఉంది, రెక్కలు కొట్టుకుంటూనే ఉంది.

చెయ్యి చెవి దగ్గరికి పోయింది. చెవిలో ఏమీ లేదు.

డొప్పల్లో వెతికాడు. కాలర్ దులిపాడు. సీటుకింద, బూట్లలో, రొట్టె మధ్యలో కూడా చూశాడు. టైము రెండింటికి పది నిమిషాలు తక్కువ. దూరంగా షెడ్డు ముందు బూడిదరంగు విమానం వెనక గాలి వేడికి వణుకుతోంది. ఇంజను మొదలైపోయింది.

పదకొండుమంది కళ్ళు చూసిన దారే కదా అనుకున్నాడు. అయినా అందరికంటే చివర, ఇంకెవరి కళ్ళూ పడని అంచున నడిచింది తనే. ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే విమానం ఎగిరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఊరుకున్నాక ఏమన్నా అయితే ఆ మచ్చల ముఖం ఇక జన్మంతా కళ్ళముందే ఉంటుంది.

రేడియో మీట నొక్కాడు. "నేను ట్రెవర్‌ని. విమానాన్ని ఆపండి. రన్‌వే మీద వస్తువు పడింది." మీట వదిలాడు. జవాబు వచ్చిందో లేదో తెలియలేదు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. విన్నారా? ఆపుతున్నారా? విమానం మాత్రం కదిలి మలుపు తిరుగుతోంది.

అనుమతి లేకుండా రన్‌వే మీదికి బండి ఎక్కించడమంత పెద్ద తప్పు ఆ మైదానంలో ఇంకోటి లేదు. కొత్తగా వచ్చేవాళ్ళకి మొదటిరోజే ఆ పాఠం చెప్పేది ట్రెవరే. అతను బండిని తీసుకెళ్ళి రన్‌వేకి అడ్డంగా నిలబెట్టి, దాని నెత్తిమీది పసుపు దీపాలన్నీ వేశాడు. మూడువందల గజాల దూరంలో విమానం బ్రేకులకి ముక్కు కిందికి వంగి ఆగింది.

రన్‌వే బాధ్యురాలు హేలీ జీపులో దూసుకొచ్చింది. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆమెకి వరసలో నడవడం నేర్పింది ట్రెవరే. ఆమె పెదాలు గబగబా కదిలాయి.

"పిచ్చెక్కిందా పెద్దాయనా? ఆపేశాం, నువ్వు రావద్దు రావద్దు అని టవర్‌వాళ్ళు గొంతు చించుకున్నారు!"

"వినపడదు తల్లీ," అన్నాడు ట్రెవర్. "మిషన్ పెట్టుకుంటున్నా. ఇందాకటి నడకలో పడిపోయింది. కాయితంలో రాయలేదు."

హేలీ అతని ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేలా మెల్లగా అంది: "దిగు. వరస కట్టిద్దాం."

ఇంజను ఆర్పారు. పన్నెండుమందీ మళ్ళీ నడిచారు. ట్రెవర్ కూడా. సగం దారిలో మాల్కం వంగి, ఎవరి బూటుకిందో నలిగి పగిలిన మిషన్‌ని కాంక్రీటు అతుకులోంచి పైకి తీశాడు. ఎగతాళి చెయ్యకుండా మర్యాదగా ట్రెవర్ అరచేతిలో పెట్టాడు. అది ట్రెవర్‌కి తిట్టుకంటే కష్టంగా తోచింది.

"రన్‌వే పాస్ ఇచ్చెయ్యాలి," అంది హేలీ, పెదాలు కనపడేలాగే. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "నీమీద రిపోర్టు నేనే రాయాలి, పెద్దాయనా."

"రాయమ్మా. అన్నీ రాయి. నేను నేర్పింది అదేగా."

మెడలోంచి పాస్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. పళ్ళెంలోంచి తాళంచెవులూ చిల్లరా తీసుకున్నాడు. సైకిలు తీసి కంచె పక్కదారిన బయల్దేరాడు. నలభై నిమిషాల ఆలస్యానికి జనం విసుక్కుంటున్నారు.

కంచె మొదట్లో ఉండగానే విమానం లేచింది. ఒక కాలు నేలమీద పెట్టి ఆగాడు. కంచె పక్కనున్న కాంటీన్ కిటికీ అద్దాలు వణికాయి. పక్కటెముకల్లోంచి, సైకిలు హేండిల్లోంచి, అరికాళ్ళలోంచి ఆ చప్పుడు అతనిలోకి ఎక్కింది. ఆ ఒక్కటీ మాత్రం బాగా వినపడింది. క్షేమంగానే ఎక్కుతోందని తెలిశాక కళ్ళు తుడుచుకుని మళ్ళీ తొక్కాడు.

చప్పుడు దూరమయ్యాక కాంటీన్ కిటికీలోంచి మాల్కం తల బయటపెట్టాడు.

"ఒరేయ్ ముసలోడా! టీ పెట్టాను, తాగి పో!"

పది గజాల దూరంలో సైకిలు వెళుతూనే ఉంది.

"ట్రెవర్! పంచదార రెండు చెంచాలు వేశానురా!"

సైకిలు గేటు దాటింది. చల్లారకుండా సాసరు మూత పెట్టిన ఆ కప్పు, మైదానం ఖాళీ అయ్యాక కూడా కిటికీ పక్క బల్లమీద అలాగే ఉంది. దాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.