గాజుల చప్పుడు లేని వంట

ముత్తన్నకు ఆ యేడు టైఫాయిడు జ్వరం వచ్చి నలభై రోజులు మంచం పట్టాడు. నలభై రోజులూ దేవవ్వ గంజి కాచి పోసింది, ఒళ్లు తుడిచింది, ఎడ్లకు మేత వేసింది. జ్వరం దిగిన రోజు మనిషి మనసు కాస్త మెత్తబడి ఉంటుంది కాబోలు, "నేను లేచినంక నువ్వేం అడిగితే గదే ఇస్త" అని నోరు జారాడు. చెవుల కమ్మలు అడుగుతుందనుకున్నాడు. దేవవ్వ నెల రోజులు ఆలోచించి మరీ అడిగింది.

"నిజామాబాదుల ఒక అర్ర కిరాయికి తీస్కోవాలె. ఎనిమిది రోజులుండాలె. చుట్టాలింట్ల గాదు. గా ఎనిమిది రోజులు నేను పొయ్యి ముట్ట."

"మరి తిండి?"

"నీకొస్తది గదా వంట."

వచ్చు, ఆ సంగతి దాచలేడు. ముత్తన్న చెరుకు బండి తోలేవాడు. సీజన్లో బోధన్ ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు మైలు పొడుగున నిలబడితే, వంతు వచ్చేదాకా రెండు రోజులైనా అక్కడే కాపురం. బండ్లవాళ్లు మూడు రాళ్లు పెట్టుకుని తలా ఒక పూట వండేవారు. ముత్తన్న వండే పూట పక్క వరుస బండ్లవాళ్లు కూడా పళ్లేలు పట్టుకుని వచ్చేవారు. అయితే అది గేటు ముందు మాట. ఇంట్లో ఆయన పొయ్యి వైపు కన్నెత్తి చూసి ఎరుగడు. పెళ్లాం ఎదురుగా కూర్చుని ఉండగా మొగుడు గరిటె తిప్పాడంటే తమ ఊరు కోటగిరిలో తలెత్తుకుని తిరగడం ఎట్లా? అందుకే ఒక షరతు పెట్టాడు.

"నేను వండుతున్నట్టు పిట్టకు గూడ తెల్వొద్దు."

"తెల్వది తియ్యి" అంది దేవవ్వ.

అట్లా చెరుకు సీజన్ ముగిశాక, పొలాన్నీ ఎడ్లనూ కొడుకు ఆశన్నకు అప్పగించి, మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక శనివారం పొద్దున బస్సెక్కారు. ఖిల్లా దగ్గరి గల్లీలో లతీఫ్ సాబ్ ఇంటి పక్క గది దొరికింది. లతీఫ్ సాబ్‌ది రాగి గిన్నెలకు కలాయి పూసే దుకాణం. గదిలో ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టౌ, నాలుగు గిన్నెలు, నీళ్ల కుండ ఉన్నాయి. వండుకోవడం ఎవరిది వాళ్లదే. కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్లూ, దవాఖానాలో మనుషులున్నవాళ్లూ అందులో దిగుతుంటారు.

ఆ గదికీ లతీఫ్ వంటింటికీ నడుమ ఒకటే గోడ. గోడలో మూరెడు కిటికీ, దానికి గోనెపట్టా తెర. లతీఫ్ భార్య బిల్కిస్ ఆ తెర కొంచెం పక్కకు జరిపి దేవవ్వను పలకరించింది.

"కోర్టు పనా అక్కా, దవాఖానా?"

"ఏదీ గాదు. ఊకెనే ఉందామని వచ్చినం."

ఊరికే ఉండడానికి ఇల్లు వదిలి వచ్చినవాళ్లను బిల్కిస్ అంతవరకు చూడలేదు. జాలిగా తల ఊపింది. సాయంత్రానికల్లా గల్లీ అంతా తీర్పు చెప్పేసింది. కొడుకు తరిమేశాడని కొందరు, ముత్తన్నకు బయటికి చెప్పుకోలేని రోగమని కొందరు. దేవవ్వకు ఇవేవీ పట్టలేదు. గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. టాంగాలు పోతున్నాయి. ఉల్లిగడ్డలమ్మే ముసలామె మరాఠీలో ఎవరినో తిడుతోంది. పట్టపగలు లోకం ఏం చేస్తుందో దేవవ్వ తీరిగ్గా కూర్చుని చూడడం అదే మొదటిసారి. ఆమెకు చాలా సంతోషమనిపించింది. మర్నాడూ అక్కడే కూర్చుంది. మూడో రోజు మ్యాట్నీ ఆటకు పోయి, సినిమాలో సగం నిద్రపోయి, అది కూడా బాగుందనుకుంది.

చిక్కు గిన్నెతో మొదలైంది. రెండో రోజు బిల్కిస్ కిటికీలోంచి ఒక గిన్నెలో ఖట్టీ దాల్, పుల్లటి పప్పు, పంపింది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఏ ఇంట్లోనూ ఉండదు. ఆ పూట ముత్తన్న, తలుపు గడియ వేసి, తెర దించి, గేటు ముందు పేరు మోసిన పుంటికూర, అదే గోంగూర, చేశాడు. శెనగపప్పు వేసి ఉడికించి, పప్పుగుత్తితో మెత్తగా మెదిపి, ఎల్లిగడ్డ పోపు పెట్టాడు. దేవవ్వ గిన్నె నింపి కిటికీలో పెట్టింది.

మర్నాడు గిన్నె మళ్లీ నిండి వచ్చింది, దానితోపాటు ఒక కబురూ వచ్చింది.

"మా సాబ్ వేళ్లు నాక్కుంట తిన్నడు అక్కా. ఆడదాని చెయ్యి అంటే గది అన్నడు."

కిటికీకి కనబడకుండా మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డ తరుగుతున్న ముత్తన్న మీసం కింద నవ్వుకున్నాడు. దేవవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటి నుంచి రోజూ గిన్నె వచ్చేది, రోజూ పోయేది. లతీఫ్ సాబ్ పొగడ్తలు మాత్రం పెరుగుతూ పోయాయి. నాలుగో రోజుకు "పల్లెటూరామెను చూసి నేర్చుకో" దాకా, ఐదో రోజుకు "పద్దెనిమిదేండ్ల సంది నేనేం తింటున్ననో ఇప్పుడు తెల్సింది" దాకా వచ్చాయి. బిల్కిస్ ఈ మాటలు చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పింది, కానీ దేవవ్వకు మనసు చివుక్కుమంది. మొగుడి వంట ముందు తన వంట కూడా అంతంతమాత్రమేనని ఆమెకు తెలుసు.

ఆరో రోజు సాయంత్రం బిల్కిస్ తెర జరిపింది.

"రేపు జుమ్మా. దుకాణం బంద్, మా సాబ్ ఇంట్లనే ఉంటడు. నువ్వు మా ఇంట్లకొచ్చి నీ చేతులతోని పుంటికూర చెయ్యాలె అక్కా. నేను చూసి నేర్చుకుంట."

కాదనలేక దేవవ్వ తల ఊపింది. తెర పడగానే మొగుడి మీద విరుచుకుపడింది.

"నిజం చెప్పేస్త."

"చెప్తే నా ఇజ్జత్ ఏమైతది?"

"నీ ఇజ్జత్ కోసం నా ఎనిమిది రోజులు పాడు చేసుకోవాల్నా? ఆరు రోజులు పొయ్యి ముట్టలే. ఇగ రెండే ఉన్నయి."

గొంతులో ఏడుపు వినబడి ముత్తన్న కంగారుపడ్డాడు. ఎనిమిది రోజుల ముచ్చట ఆమెకింత పెద్దదని అతనికి అప్పటిదాకా తోచలేదు. అయినా షరతు వదలడానికి ప్రాణం ఒప్పలేదు. చివరికి ఒక ఉపాయం చెప్పాడు. తను కిటికీకి ఇవతల కూర్చుంటాడు. ఒకసారి దగ్గితే ఉప్పు, రెండుసార్లు దగ్గితే కారం, గొంతు సవరిస్తే చాలు ఆపమని. దేవవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. మాట తప్పడం చేతకాని మనిషి, షరతుకు తల ఊపిన పాపానికి పోక తప్పదు.

మర్నాడు బిల్కిస్ వంటింట్లో పుంటికూర, పప్పు ఉడికి దిగాయి. అంతవరకు అన్నీ బిల్కిసే చేసింది. పోపుకు నూనె కాగుతోంది. ముందు గదిలో లతీఫ్ సాబ్ చాప మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు. గోనెపట్టా వెనక నుంచి ఒక దగ్గు వినబడింది. దేవవ్వ ఉప్పు వేసింది. రెండు దగ్గులు వినబడ్డాయి. కారం వేసింది. పొయ్యి ముందు కూర్చున్నందుకు ఆమెకు కళ్లు మండుతున్నాయి, పొగ ఉన్నా లేకున్నా మండేవే. ఇక మెదపాలి. పప్పుగుత్తి కోసం చెయ్యి చాచింది.

బిల్కిస్ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు అక్కా." ఆ చేతిని పైకెత్తి ఒకసారి ఊపింది. డజను మట్టి గాజులు గలగలమన్నాయి. "ఐదు రోజుల సంది గోడవతల గుత్తి చప్పుడు వినవడ్తుంది. ఒక్కనాడన్న గాజుల చప్పుడు వినవడలే. గాజులు మోగకుంట కూర మెదిపే ఆడది నాకింత వరకు తారసపడలే."

దేవవ్వ మొహం కడిగిన సత్తు గిన్నెలా తెల్లబోయింది. తెర వెనక దగ్గు కూడా ఆగిపోయింది. బిల్కిస్ కొంగు సర్దుకుని, కూర గిన్నె గుడ్డతో పట్టుకుని, కిటికీ గూట్లో పెట్టింది.

"ముత్తన్నా, దగ్గు మందు కావాల్నంటే మా సాబ్ దగ్గరున్నది. కూర మాత్రం నువ్వే మెదుపు. మా అక్కను కష్టపెట్టకు."

ముత్తన్న ఏం చేస్తాడోనని దేవవ్వ తెర వైపు చూసింది. పారిపోతాడా, కోపం చేసి మూట సర్దుతాడా? గిన్నె నెమ్మదిగా తెర లోపలికి పోయింది. తర్వాత గుత్తి చప్పుడు మొదలైంది. మొదట బెరుకుగా, పోను పోను గేటు ముందు మెదిపినంత జోరుగా మోగింది. దేవవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది.

"వింటున్నరా సాబ్?" అంది బిల్కిస్ ముందు గదివైపు తిరిగి. "ఆడదాని చెయ్యి అంటిరి గదా."

లతీఫ్ సాబ్ ఆ పూట తల వంచుకుని తిన్నాడు, రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. తిన్నాక బయటి నుంచే ముత్తన్నను పిలిచి బీడీ ఇచ్చాడు. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చుని బీడీలు కాల్చారు. ఏం మాట్లాడుకున్నారో ఆడవాళ్లకు తెలియదు.

ఎనిమిదో రోజు తెల్లారింది. దేవవ్వకు మెలకువ వచ్చింది గానీ లేవలేదు. గోడవతల స్టౌ వెలిగింది. గిన్నె కింద పడి దొర్లింది. ఎవరో చేతులు కాల్చుకుని ఉస్సుమన్నారు. ఆ తర్వాత గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు, తిరిగి తిరిగి ఎంతకీ ఆగకుండా వినబడింది. చక్కెర ఎంత పోశాడో ఏమో. దేవవ్వ చెవులు రిక్కించి వింది. గాజుల చప్పుడు లేదు.

కాసేపటికి గాజులు మోగాయి. అవి పొయ్యి దగ్గర నుంచి రాలేదు. గోడవతల ఆ చివర, బిల్కిస్ పడుకునే మూల నుంచి వచ్చాయి, బద్ధకంగా అటు నుంచి ఇటు ఒత్తిగిలిన మనిషి గాజులు.

దేవవ్వ దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి, తన గాజులు కూడా ఒకసారి గలగలలాడించింది.