కడిగినట్టున్న ట్రేలు

మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఆకు కదలడం లేదు. రొయ్యల చెరువు గట్టు మీద కోడలు గొంతుక్కూర్చుని మీటరు తీగను నీళ్ళలోకి వదిలింది. అంకె అయిదు నుంచి జారి, నాలుగు దాటి, మూడున్నర దగ్గర ఆగింది. తీగను దులిపి మళ్ళీ వదిలింది. మళ్ళీ మూడున్నరే.

మిట్టమధ్యాహ్నమే నీళ్ళలో ఆక్సిజన్ ఇలా ఉంటే పొద్దుగూకాక ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. మూడుకి దగ్గరపడిందంటే రొయ్యలు పైకి తేలతాయి. తేలినవన్నీ తిరిగి అడుక్కి వెళ్ళవు. మూడు నెలలు సాకినవి, ఇంకో పన్నెండు రోజుల్లో పట్టుబడి. నీళ్ళను చిలికే ఏరేటర్లు నాలుగింటిలో ఒకటి కాలిపోతే, ఆ మోటారు బాగు చేయించుకు రావడానికి భర్త పొద్దున్నే బయల్దేరి వెళ్ళాడు.

తప్పు ఎక్కడుందో ఎంత ఆలోచించినా ఆమెకి అంతుపట్టలేదు. మేత తూచే వేస్తున్నారు. చెరువు నాలుగు మూలలా కంచమంత వల ట్రేలు వేలాడుతుంటాయి. మేత చల్లినప్పుడల్లా ఒక్కో ట్రేలో గుప్పెడు పోసి ముంచి, రెండు గంటలయ్యాక పైకి తీసి చూడాలి. ఖాళీ అయితే రొయ్యలకింకా ఆకలుందని మేత పెంచుతారు. మిగిలితే తగ్గిస్తారు. ఆ చూసే పని అత్తగారిది. పది రోజులుగా ఆవిడ ప్రతి పూటా వచ్చి చెప్పేది ఒకటే, ఒక్క పలుకు మిగల్లేదని. ఆ మాట పట్టుకునే కోడలు పూటకి పది కిలోల మేతను పదహారు దాకా తెచ్చింది.

మేత చల్లే మనిషి గట్టెక్కి వచ్చాడు. అతని అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో, అందరూ నిదానం అనే పిలుస్తారు. చెప్పులో కాలు పెట్టడానికే పది నిమిషాలు తీసుకునే మనిషి. ఈ పూట పదిహేడు తూచమంటారా అని అడిగాడు. పెద్దమ్మగారు మూడు ట్రేలు చూశారట, మూడూ కడిగినట్టున్నాయట. నాలుగోది తీసేలోపు పాపకి ఆకలేస్తోందని ఇంట్లోకి వెళ్ళారట. పదహారే చల్లమని చెప్పి, చేతులు కడుక్కుని కోడలూ ఇంటిదారి పట్టింది.

వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. అయిదేళ్ళ కూతురు మొహం ముడుచుకుని కంచం ముందు కూర్చుంది. అత్తగారు గుమ్మానికి వీపు పెట్టి, ఆ కంచంలోని సగం అన్నాన్ని తన కంచంలోకి ఊడ్చుకుని, అంచు కూడా వేలితో తుడిచి, మనవరాలి ముందుకు నెట్టింది. అప్పుడు కోడల్ని చూసింది.

"చూశావా నీ కూతురు? మెతుకు మిగల్చలేదు."

పిల్ల ఇంత తింటూ ఎందుకు ఒళ్ళు చేయడం లేదా అని కోడలు నెల రోజులుగా అనుకుంటూనే ఉంది. ఇంకో రోజైతే నవ్వి ఊరుకునేది. ఇవాళ ఆ కడిగినట్టున్న ట్రేలు గుర్తొచ్చాయి.

"అత్తయ్యా, ట్రేలో మేత మిగిలితే ఏం చేస్తున్నారు?"

"పారేస్తానా ఏమిటి? నీళ్ళలోకే దులిపేస్తాను. ఆకలేసినప్పుడు అవే తింటాయి. మిగిలిందని నీకు చెబితే వాటి నోటి దగ్గరిది కోసేస్తావు. పెరిగే వయసు వాటిది."

కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఏరేటర్ల హోరులో కేకేసినా వినపడదు. గట్టు మలుపు తిరిగేసరికి మేత బకెట్టు తెప్ప మీద ఉంది, నిదానం వంగి కట్టుతాడుతో కుస్తీ పడుతున్నాడు.

"చల్లేశావా?"

"ముడి బిగుసుకుందండీ. తొందరేముంది, విప్పుతున్నాగా."

రోజుకి పదిసార్లు తిట్టుకునే ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. బకెట్టు దించమని చెప్పి, అత్తగారు తీయకుండా వదిలేసిన నాలుగో ట్రేని తనే లాగింది. పోసిన మేత పోసినట్టే, నాని ఉబ్బి, ముద్దగా ఉంది. ట్రే అడుగున అంటుకున్న బురద నల్లగా ఉంది. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది.

మేత ఆపేయించింది. అడుగు తూము ఎత్తించి కుళ్ళు నీళ్ళు బయటికి పంపుతూ, పక్కనున్న నిల్వ చెరువు నుంచి కొత్త నీళ్ళు వదిలింది. మీటరు మూడు పాయింట్ రెండుకి దిగింది. ఆగిపోయిన ఏరేటర్ మూల, నీటి మీద సన్నటి మీసాలు లేచాయి. ముందు పది, అంతలోనే లెక్కపెట్టలేనన్ని.

వెనకే ఆయాసపడుతూ వచ్చిన అత్తగారు వాటిని చూసి బకెట్టు వైపు చేయి చాపింది.

"ఆకలికి పైకొచ్చాయే తల్లీ. కాస్త వెయ్యి."

"ఆకలికి కాదు, ఊపిరాడక. మనం ఎక్కువ పెట్టింది అడుగున కుళ్ళి వాటి ఊపిరి లాగేస్తోంది."

ఆవిడ చాపిన చేయి వెనక్కి తీసుకుంది. "నా వల్లేనా?"

"నా వల్ల కూడా. మీ మాట విన్నానే గానీ, ఒక్కపూటైనా ట్రే చూడలేదు."

నాలుగింటికి భర్త మోటారుతో దిగాడు. అది బిగించి తిప్పేదాకా ఎవరూ గట్టు దిగలేదు. మీటరు మూడు పాయింట్ రెండు దగ్గరే గంటసేపు నిలబడి, మూడున్నరకి కదిలింది. నాలుగు చూపించేసరికి మీసాలు ఒక్కొక్కటే మునిగాయి. మునగనివి రెండు బకెట్లయ్యాయి. అత్తగారే వంగి ఏరింది.

మర్నాడు మబ్బు విడింది. పొద్దున నాలుగు కిలోలే చల్లారు. రెండు గంటలయ్యాక అత్తగారు ట్రే పట్టుకుని గట్టు వెంబడి వచ్చింది. ఎంగిలి కంచం చుట్టాల ముందు పెట్టాల్సి వచ్చినట్టు, తల ఎత్తకుండా.

"సగం మిగిల్చాయి," అంది.

కోడలు వేలితో ఆ మేతను నొక్కి చూసి, పుస్తకంలో రాసుకుంది. సాయంత్రానికి మూడు కిలోలు చాలని నిదానానికి చెప్పింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు మనవరాలు సగం వదిలేసిన కంచాన్ని ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"ఇదీ చూసుకో."